పులిసిన టాంకు

"ఈ నెల ఇంకా బయట చేరలేదేం శ్యామలా?" అని మా అత్తగారు గడప అవతల నిలబడి అడిగేసరికి, నేను స్టీలు టాంకు లోపల మోకాళ్ళ మీద కూర్చుని గోడలు రుద్దుతున్నాను. టాంకు అడుగున మనిషి దూరేంత చిన్న తలుపు ఉంటుంది. ద్రాక్షకోత మొదలయ్యేలోపు అందులోంచి లోపలికి పాకి, ప్రతి టాంకునీ బ్రష్షుతో తోమి, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. నడుము పట్టేసేది అక్కడే. లోపల ఉన్నప్పుడు బయటి మాట నాలుగు వైపుల నుంచీ ఒకేసారి వినిపిస్తుంది. ఆవిడ అడిగింది ఒక్కసారే అయినా, నలుగురు అత్తగార్లు చుట్టూ చేరి నా నెలసరి గురించి వాకబు చేస్తున్నట్టయింది నాకు.

"ఇంకా లేదత్తయ్యా" అన్నాను లోపల్నుంచే.

"అదే నా భయం. సరిగ్గా కోతలో వచ్చి పడుతుంది చూడు. పోయినేడు జరిగింది చాలదూ!" అని, సాక్సుల మీద చెప్పులు వేసుకున్న పాదాలు తడవకుండా చూసుకుంటూ ఆవిడ ఇంట్లోకి వెళ్ళిపోయారు.

నాకు నెలసరి ఆగిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా నెలనెలా "బయట చేరానత్తయ్యా" అని ఠంచనుగా అబద్ధం ఆడుతూ వస్తున్నాను. యాభైకి దగ్గరపడ్డ దాన్ని, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివినదాన్ని, కెనడా పౌరసత్వం ఉన్నదాన్ని, నాకిలాంటి అబద్ధం ఆడాల్సిన ఖర్మేమిటని మీరు అడగొచ్చు. చెప్తాను వినండి.

మాది నయాగరా దగ్గర బీమ్స్‌విల్‌లో ఒక చిన్న ద్రాక్షతోట, దాన్ని ఆనుకుని అంతకంటే చిన్న వైనరీ. మా ఆయన ఆంజనేయప్రసాద్‌కి ఐటీ ఉద్యోగం మీద విరక్తి పుట్టి, అప్పట్లో మేముంటున్న ఊరు వాన్‌లో ఇల్లు అమ్మేసి, ఒక ముసలి ఇటాలియన్ దంపతుల దగ్గర దీన్ని కొన్నారు. నన్ను అడగలేదని అనను. అడిగారు. "సంతకం ఎక్కడ పెట్టాలో చూసుకున్నావా?" అని అడిగారు. వాన్‌లో ఫుడ్ ల్యాబ్‌లో నాకున్న ఉద్యోగం ఆ సంతకంతో పాటే పోయింది. ఇక్కడికొచ్చాక కాలేజీకి వెళ్ళి వైన్ కోర్సు చేసింది నేను. చలికాలంలో తీగలు కత్తిరించేది, పళ్ళు రంగు తిరగ్గానే పిట్టలు తినకుండా వలలు కప్పేది, ఏ టాంకులో ఏమవుతోందో రోజూ రుచి చూసి ఉమ్మేది నేను. వెబ్‌సైట్‌లో గ్లాసు పట్టుకుని "వైన్ మేకర్" అన్న అక్షరాల పైన నవ్వుతున్నది ఆయన. ఆ ఫొటో తీసింది కూడా నేనే. తెలుగువాళ్ళెవరైనా టూరుకి వస్తే ఆయన నా భుజం తట్టి మరీ చెప్తారు, "మా ఆవిడ చుక్క ముట్టదండీ" అని. వచ్చినవాళ్ళు మెచ్చుకోలుగా నావైపు చూస్తారు. ఆ పూట పొద్దున్నే నేను అన్ని టాంకుల్లోదీ పుక్కిలించి ఉమ్మి ఉంటాను. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. నేను నవ్వి, గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్తాను.

మావగారు పోయాక మా అత్తగారు భ్రమరాంబ గారు నరసరావుపేట నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. చెడ్డమనిషి కాదు. చలికి వణుకుతూనే నాకంటే ముందు లేచి స్టవ్ వెలిగించిన రోజులున్నాయి. కానీ వచ్చిన కొత్తలో, ఆ రోజుల్లో ఉండి నేను ఆవకాయ జాడీలో గరిటె పెట్టానని తెలిసి ఆవిడ గుండెలు బాదుకున్నారు. "బయట ఉన్నప్పుడు జాడీ ముట్టుకుంటే బూజు పట్టదూ? పచ్చడికే అట్లా ఉంటే, ఇంత పులియబెట్టే వ్యవహారం, ఆ టాంకుల దగ్గరికి ఎట్లా వెళ్తున్నావే తల్లీ!" అన్నారు. పచ్చడి జాడీలో ఏం పెరుగుతుందో, ఎందుకు పెరుగుతుందో రెండేళ్ళు యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని. నాకు ఒళ్ళు మండింది. తోటలో ట్రాక్టరు బాగుచేసుకుంటున్న ప్రసాద్ దగ్గరికి వెళ్ళి మీ అమ్మగారికి మీరైనా చెప్పండి అన్నాను. ఆయన స్పానర్ తుడుచుకుంటూ, "ఈ వయసులో అమ్మతో ఏం వాదిస్తాం శ్యామలా? నెలకి మూడు రోజులు నీకే రెస్టు. ఫ్రీ వెకేషన్ అనుకో" అన్నారు. అనేసి తన జోకుకి తనే నవ్వుకున్నారు.

అలా నెలకి మూడు రోజులు నాకు వంటిల్లు లేదు, దేవుడి గది లేదు, టాంకు రూమ్ లేదు. బేస్‌మెంట్‌లో ఒక గది, ఒక మంచం, పైనుంచి వచ్చే కంచం. మొదటిసారి అవమానంతో కుతకుతలాడిపోతూ పడుకున్నాను. పడుకున్నదాన్ని నిద్రపోయాను. మధ్యాహ్నం పూట నిద్రపోవడం, మా అమ్మాయి మధుమిత పుట్టాక అదే మొదటిసారి. లేచేసరికి పైన ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది, ఆ కడిగేది నేను కాదు. "శ్యామలా, నా బ్లూ షర్టు ఎక్కడ?" అన్న కేక లేదు. "శ్యామలా, షుగర్ బిళ్ళ వేసుకున్నానా?" అన్న ప్రశ్న లేదు. ఇడ్లీ పిండి ఉందా లేదా, టూరుకొచ్చిన వాళ్ళ పిల్లలు బాత్రూము తడిపేశారా, రాత్రికి కూరేమిటి, ఏదీ నాది కాదు. సాయంత్రం తోటలోకి వెళ్ళి వరసల మధ్య ఒక్కదాన్నే నడిచాను. నాకెంత హాయిగా అనిపించిందో ఒప్పుకోవడానికి సిగ్గేసింది. చదువుకున్నదాన్నయి ఉండి, మైల పేరు చెప్పి విసిరేసిన రొట్టెముక్కని ఆవురావురుమని తిన్నాను.

తర్వాత ఒక వేసవి చివర్లో అది ఆగిపోయింది. చెమటలు పట్టేవి. ఒళ్ళంతా సెగలు. "వేడిగా ఉందండీ" అంటే ప్రసాద్, "ఏసీ నాకు పడదని తెలుసుగా, నువ్వు ఆ పక్క గదిలో పడుకో" అన్నారు. అప్పటినుంచీ ఆ పక్క గదే నాది అయింది. ఆయన మళ్ళీ ఎందుకని అడగలేదు. ఎడ్మంటన్‌లో చదువుకుంటున్న మధుమితకి చెప్దామని ఒక రోజు ఫోన్ చేశాను. "అమ్మా, ఆర్ యూ ఓకే? ఐ హావ్ ల్యాబ్, కాల్ యూ లేటర్" అంది. "ఏం లేదమ్మా, తిన్నావా?" అని పెట్టేశాను. పిల్లది, దాని పరుగులు దానివి. డాక్టరమ్మ ఒక్కర్తే నా మొహంలోకి చూసి, "ఇంట్లో ఎవరైనా మాట్లాడేవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారన్నాను. తిరిగొస్తూ కారులో ఏడ్చాను.

ఇక అసలు సంగతికొస్తాను. ఆగిపోయిందని చెప్తే ఏమవుతుంది? నా మూడు రోజులు పోతాయి. ఇక నెలంతా వంటిల్లే. అందుకే చెప్పలేదు. వాన ముసురు పట్టే రోజులు చూసుకుని, లేదా అలసటకి కాళ్ళు లాగేసే రోజులు చూసుకుని, "బయట చేరానత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ "సరేలే, దిగిపో" అని కంచం, చెంబు తీసి ఇచ్చేవారు. ఇంత వయసుకి ఇంకా వస్తోందేమిటని ఆవిడ ఎన్నడూ అడగలేదు.

పోయినేడు జరిగింది చాలదా అన్నారే, అది ఇది. పోయినేడు మా కాబర్నే ఫ్రాంక్ రకం రెడ్ వైన్ ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. నాలుక మీద పెట్టుకుంటే ఉమ్మబుద్ధి కాలేదు. ఆ టాంకుకి మూత వైన్ మీద తేలుతూ ఉంటుంది. మూత చుట్టూ సైకిలు ట్యూబు లాంటిది ఉంటుంది. చిన్న పంపుతో గాలి కొడితే అది ఉబ్బి టాంకు గోడలకి అతుక్కుంటుంది. గాలి కొట్టకపోతే మూత ఉన్నా లేనట్టే. నవంబరులో ఒక రోజు రామమోహనరావు గారు కొన్ని కుటుంబాలని వెంటేసుకుని వచ్చారు. వాన్‌లో తెలుగువాళ్ళకి ఆయనే పెద్దదిక్కు, మా వైన్ అందరికీ కొనిపించేదీ ఆయనే. ప్రసాద్ ఉత్సాహం పట్టలేక మూత ఎత్తేసి, గ్లాసు ముంచి, "టాంకులోంచి డైరెక్టుగా తాగండి సార్, ఈ భాగ్యం ఎవరికి దొరుకుతుంది!" అని అందరికీ పోశారు. మూత తిరిగి పెట్టారు గానీ ట్యూబుకి గాలి కొట్టలేదు. ఆ వచ్చినవాళ్ళందరికీ వండి వడ్డించి నా ఒళ్ళు పచ్చిపుండైంది. మర్నాడు పొద్దున్నే బయట చేరానని చెప్పి కిందకి దిగిపోయాను.

మూడో రోజు వైనరీ పక్కనుంచి నడుస్తుంటే ముక్కుకి తేడా తెలిసింది. నెయిల్ పాలిష్ సీసా తెరిచినట్టు సన్నటి ఘాటు. లోపలికి పరుగెత్తాను. గదిలో హీటరు, మూత అంచు చుట్టూ ముసిరిన ఈగలు, చప్పబడిన ట్యూబు. గాలి కొట్టి, పులుపు ఆపే మందు కలిపి, చేయాల్సిందంతా చేసి వెనక్కి తిరిగితే గడప దగ్గర అత్తగారు. "బయట ఉండి లోపలికి ఎట్లా వెళ్ళావే!" అని నోరు నొక్కుకున్నారు. నెల తిరక్కుండా ఆ టాంకు మొత్తం పులిసిపోయింది. అంత మంచి వైన్ వెనిగరయింది.

నా మైల తగిలే పులిసిందని అత్తగారు ముందు తనలో తాను గొణుక్కున్నారు, తర్వాత ఫోన్‌లో మా ఆడబిడ్డకి చెప్పారు, తర్వాత నా మొహం మీదే అన్నారు. మూతకి గాలి కొట్టలేదు మీరు, అని నేను ప్రసాద్‌తో అన్నాను. "ఒక్కసారి తెరిస్తే పాడైపోతుందా? నీ టాంకులో ముందే ఏదో బ్యాక్టీరియా ఉండుంటుంది" అన్నారు. బాగున్నన్నాళ్ళూ ఆయన టాంకు, పాడయ్యాక అది నా టాంకు. కొత్త సంవత్సరం పార్టీలో రామమోహనరావు గారు ఆ వైన్ ఏమైందని అడిగితే ప్రసాద్ గ్లాసు తిప్పుతూ, "సైన్సు ప్రకారం బ్యాక్టీరియా సార్. మా అమ్మ దగ్గర వేరే థియరీ ఉంది" అని ఓరగా నావైపు చూశారు. ముందు ఆడవాళ్ళకి అర్థమైంది. చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత మగవాళ్ళకి అర్థమైంది. నాకు తల కొట్టేసినట్టయింది. నా చేతుల్లో వేడివేడి పునుగుల ప్లేటు ఉంది. అది అక్కడ విసిరికొట్టి రావాల్సింది. రాలేదు, అందరికీ వడ్డించాకే వచ్చాను. ఆగిపోయిందన్న మాట అప్పుడే గొంతుదాకా వచ్చింది. కానీ మింగేశాను. నింద పడితే పడింది, నిద్రయినా మిగిలింది అనుకున్నాను.

ఇన్నాళ్ళూ ఆ బేరం అలాగే సాగింది. ఇంకా బయట చేరలేదేమని అత్తగారు అడిగిన ఆ రోజు, టాంకు కడిగి తడి బట్టలతో ఇంట్లోకి వచ్చేసరికి తల్లీకొడుకులు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నాకోసం చూస్తున్నారు.

"శ్యామలా, ఒక మాట" అన్నారు ప్రసాద్ మెత్తగా. ఆయన గొంతు మెత్తబడితే నాకు భయం.

"ఈసారి కోత అయ్యేదాకా టాంకు రూమ్ నేను హ్యాండిల్ చేస్తాను. నువ్వు తోట చూసుకో. గెస్టుల భోజనాలు చూసుకో."

"ఎందుకు?"

"రామమోహనరావు గారి షష్టిపూర్తికి ఒక టాంకు మొత్తం బుక్ చేసుకున్నారు. నిన్న వాళ్ళావిడ అడిగారట, పోయినసారిలా కాదు కదా అని. నాకు నమ్మకాలున్నాయని కాదు శ్యామలా. సెంటిమెంట్. కస్టమర్ సెంటిమెంట్."

"యీస్ట్ ఎప్పుడు వేయాలో తెలుసా మీకు? ఎంత వేడి దాటకూడదో తెలుసా?"

"నువ్వు బయటి నుంచి చెప్తావుగా. నేను వీడియో కాల్ చేస్తా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గడప ఇవతల నిలబడి ఫోన్‌లో నేను చెప్తుంటే, గడప అవతల నిలబడి ఆయన చేస్తారట. అత్తగారు టేబుల్ మీద లేని మరకని గోటితో గీకుతూ, "నీకెప్పుడు వస్తుందో ఎవరికి తెలుసమ్మా? ఎందుకొచ్చిన గొడవ!" అన్నారు. ప్రసాద్ చెయ్యి చాపారు. టాంకు రూమ్ తాళాన్ని, మధుమిత చిన్నప్పుడు పూసలు గుచ్చి చేసిన కీచైన్‌తో సహా, ఆ చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఇరవై అయిదేళ్ళ అలవాటు కాబోలు, ఆ చెయ్యి చాపితే నా చేతిలో ఏదుంటే అది అందులోకి వెళ్ళిపోతుంది.

బట్టలు మార్చుకుని తోటలోకి వెళ్ళాను. ఎండ పల్చబడింది. వలలు కప్పిన వరసలు కొండ దిగువ దాకా తెల్లగా సాగి, వాటి చివర్న సరస్సు బూడిద రంగులో ఉంది. పిట్టల్ని తోలడానికి పెట్టిన గ్యాస్ ఫిరంగి ఉండుండి ఢామ్మని పేలుతోంది. గోరింకల్లాంటి నల్లపిట్టల గుంపు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలుతోంది. వల పైకెత్తి ఒక్కో తీగ దగ్గరా ఒక్కో పండు తెంపి నోట్లో వేసుకున్నాను. తొక్క నమిలి, గుజ్జు మింగి, గింజ కొరికి చూడాలి. గింజ పచ్చిగా ఉంటే నాలుక వగరుకి పట్టేస్తుంది. ఇంకా పట్టేస్తోంది. తీపి కొలిచే మీటర్ సరేనన్నా గింజ సరేననదు. ప్రసాద్‌కి ఈ గింజ సంగతి తెలియదు, మీటర్ సంగతే తెలుసు. ఈ తోటలో నాకున్నదల్లా ఇదే. నా పేరు మీద బోర్డు లేదు, నాకు జీతం లేదు, నా ఫొటో లేదు. ఆ గదిలోకి వెళ్ళి, టాంకు గోడకి చెవి ఆనించి, లోపల రసం కుతకుతమని పొంగే చప్పుడు వింటున్నప్పుడు మాత్రం నేనెవరో నాకు గుర్తుంటుంది. ఇప్పుడు అదీ తీసుకున్నారు. గది కావాలంటే నిజం చెప్పాలి. నిజం చెప్తే మూడు రోజులు పోతాయి. ఆ వరసల మధ్య నిలబడి చాలాసేపు ఎవరికైనా ఫోన్ చేద్దామని చూశాను. పేర్లన్నీ పైకీ కిందకీ జరిపాను. అన్ని పేర్లూ వైన్ కొనేవాళ్ళవే. ఫోన్ జేబులో పెట్టేసి ఇంకో వరసలోకి నడిచాను.

ఆదివారం పూజ, ఆ వెంటనే కోత. అత్తగారు పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు, రామమోహనరావు గారి వీలు చూసి ప్రసాద్ ఖాయం చేశారు. పళ్ళ వీలు ఎవరూ చూడలేదు. నేను రాత్రీపగలూ కడిగి తుడిచిన ద్రాక్ష పిండే ప్రెస్సుకి పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టారు. బంతిపూల దండ వేశారు. బూడిదగుమ్మడికాయ దొరక్క రోడ్డు పక్కన హాలోవీన్ కోసం పోసి అమ్ముతున్న ఎర్ర గుమ్మడికాయ ఒకటి తెచ్చి దిష్టి తీయడానికి సిద్ధంగా పెట్టారు. వాన్ నుంచి, ఎటోబికో నుంచి వచ్చిన వాళ్ళంతా పట్టుచీరలతో, చలికోట్లతో టాంకు రూమ్ నిండా నిలబడ్డారు. నేను పులిహోర ట్రే పట్టుకుని వచ్చాను. తెల్లవారకుండానే లేచి కలిపిన పులిహోర అది.

గడప దగ్గరికి వచ్చానో లేదో, "అక్కడే ఉండమ్మా" అన్నారు అత్తగారు, కర్పూరం వెలిగిస్తూ. "ఎందుకైనా మంచిది."

అందరూ నావైపు తిరిగారు. రామమోహనరావు గారి భార్య జాలిగా, "ఇప్పుడు ఆ రోజులా?" అని పెదాలు మాత్రం కదిపి అడిగారు. రామమోహనరావు గారు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని గలగలా నవ్వుతూ, "శ్యామల గారూ, కాస్త దూరంగానే ఉండండి, నా షష్టిపూర్తికి వెనిగర్ పోయించకండి!" అన్నారు. గదంతా నవ్వింది. ప్రసాద్ కూడా నవ్వారు. ఆయన ప్యాంటు జేబులోంచి మధుమిత పూసలు బయటికి వేలాడుతున్నాయి.

ఆ పూసల్ని చూశాక నాలో ఏదో తెగింది. పెద్దగా అరిచానని తర్వాత ప్రసాద్ అన్నారు. నేను అరవలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగానే చెప్పాను.

"రామమోహనరావు గారూ, నాకు నెలసరి ఆగిపోయి రెండేళ్ళు కావస్తోంది."

కొబ్బరికాయ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తోటలో ఫిరంగి ఢామ్మంది. ఒకావిడ ఉలిక్కిపడి పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

"శ్యామలా!" అన్నారు ప్రసాద్. "ఇప్పుడా? అందరి ముందా?"

"పోయినసారి అందరి ముందే నవ్వారు కదండీ." గడప దాటి లోపలికి వచ్చాను. పులిహోర ట్రే ఆ పసుపుకుంకాల ప్రెస్సు మీదే పెట్టాను. "పోయిన నవంబరులో నేను ఈ గదిలోకి వచ్చిన రోజున నాకు ఏ మైలా లేదు. ఉండే అవకాశమే లేదు. ఆ టాంకు నా వల్ల పులవలేదు. మా ఆయన మీకందరికీ గ్లాసు ముంచి పోశారు, గుర్తుందా? పోసి, మూతకి ఇదిగో ఈ ట్యూబు ఉంటుంది, దీనికి గాలి కొట్టడం మర్చిపోయారు. అంతే జరిగింది."

రామమోహనరావు గారు ప్రసాద్ వైపు చూశారు. ప్రసాద్ ప్రెస్సు మీది బంతిపూల దండ సర్దడం మొదలుపెట్టారు.

"తాళం ఇటివ్వండి" అన్నాను. ఈసారి చెయ్యి చాపింది నేను. అంతమంది చూస్తుండగా ఇవ్వననడం కుదర్లేదు, ఇచ్చారు. "ఇవాళ కోత లేదండీ. గింజలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఫొటోలకి కావాలంటే తలా ఒక గుత్తి కోసుకోండి. పులిహోర చల్లారకముందే తినండి."

"గింజలు పచ్చిగా ఉన్నాయని మీకెలా తెలుస్తుంది?" అని రామమోహనరావు గారి భార్య నెమ్మదిగా అడిగారు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగారు.

"కొరికి చూస్తానండీ. వైన్ కూడా నేనే రుచి చూస్తాను" అన్నాను. ముందుగా వచ్చి పులిహోర పెట్టించుకున్నది ఆవిడే.

అందరూ తొందరగానే వెళ్ళిపోయారు. కార్లు కదిలాక ప్రసాద్ నా దగ్గరికి వచ్చారు. ముఖం మాడిపోయి ఉంది. "పరువు తీశావు" అన్నారు ముందు. తర్వాత, "నాకు చెప్పాలి కదా శ్యామలా ఇలాంటిది" అన్నారు.

"మీకు తెలియాలి కదండీ" అన్నాను.

"చెప్పకుండా ఎలా తెలుస్తుంది?"

ఆయన నిజంగానే అడుగుతున్నారు. రెండేళ్ళుగా పక్కగదిలో ఒక మనిషి చెమటలు కక్కుతూ, లేచి కూర్చుంటూ, కిటికీ తెరుస్తూ మూస్తూ ఉంటే ఎలా తెలుస్తుందని అడుగుతున్నారు. ఆయన ట్రాక్టరు వైపు వెళ్ళిపోయారు.

టాంకు రూమ్‌లోకి వచ్చేసరికి అత్తగారు ప్లాస్టిక్ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, తడిగుడ్డతో ప్రెస్సు మీది కుంకుమ తుడుస్తున్నారు. దిష్టి తీయని గుమ్మడికాయ ఆవిడ పక్కనే ఉంది. నేను తుడుస్తాను, ఇటివ్వండి అన్నాను. ఆవిడ ఇవ్వలేదు. నావైపు చూడకుండానే అన్నారు, "నాకు తెలుసులేవే."

"ఏం తెలుసు?"

"ఆగిపోయిందని. రెండేళ్ళుగా ఈ ఇంట్లో బాత్రూముల చెత్త సంచులు కట్టి బయట పెట్టేది నేనేగా. ఆమాత్రం తెలీదా ఆడదానికి?"

పక్కనే ఇంకో డబ్బా లాక్కుని కూర్చున్నాను. "మరి నెలనెలా కిందికి ఎందుకు పంపారు నన్ను? కంచం ఎందుకు తెచ్చిపెట్టారు?"

"పడుకుంటున్నావు కదా అని." గుడ్డ బకెట్లో ముంచి పిండారు. "నేనూ పడుకున్నదాన్నేలే ఒకప్పుడు. మీ మావగారికి చివరిదాకా తెలియదు."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఈ దేశంలో, ఈ ఇంట్లో, నా ఒంట్లో ఏం జరుగుతోందో ఒక మనిషికి తెలుసు. తెలిసి, మాట్లాడకుండా, అన్నం కలిపి మెట్లు దిగి తెచ్చిపెట్టింది. ఆ మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు దిగింది. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే అనుకున్నాను. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుందామని నిజంగానే వంగాను. వంగినదాన్ని ఆగిపోయాను.

"తెలిసీ... ఆ టాంకు నావల్ల పులిసిందని ఎట్లా అన్నారత్తయ్యా?"

ఆవిడ గుడ్డని నాలుగు మడతలు వేశారు. దాన్ని మోకాలి మీద పెట్టుకుని చేత్తో సాపు చేశారు. అప్పుడు మొదటిసారి నావైపు చూశారు.

"మరి వాడి మీదికి వస్తుంది కదమ్మా" అన్నారు.

కోపంగా అనలేదు, తప్పు చేశానన్నట్టూ అనలేదు. వాన వస్తే ఆరేసిన బట్టలు తీస్తాం కదా అన్నట్టు అన్నారు. ఆవిడకి బూజూ లేదు, మైలా లేదు, నమ్మకమే లేదు. కొడుకు మీద పడబోయే మాట ఒకటి ఉంది, దాన్ని ఎవరి మీదో ఒకరి మీద పెట్టాలి, దగ్గర్లో నేనున్నాను. ఒక చేత్తో నాకు నిద్ర పెట్టింది, ఇంకో చేత్తో నా తల అందరిలో వంచింది. ఆవిడకి ఆ రెండూ ఒకే మంచితనంలో భాగాలు. నాకు ఆవిడ మీద జాలేసింది, అసహ్యమూ వేసింది. నాకు నిద్ర కావాలంటే నేను మైలపడి ఉండాలని ఇద్దరమూ ఒప్పుకున్నాం కదా, నోరు విప్పకుండానే. అందులో నా వాటా తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండింది.

లేచి టాంకులన్నీ ఒకసారి చూశాను. మూతల ట్యూబులు వేళ్ళతో నొక్కి చూశాను. అన్నీ గట్టిగా ఉన్నాయి. లైట్లు ఆర్పి, అత్తగారికి చెయ్యి అందించి గడప దాటించి, తలుపుకి తాళం వేశాను.

"గింజలు ముదరడానికి ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. గురువారం కోద్దాం అత్తయ్యా" అన్నాను. "అప్పటిదాకా నేను కింద గదిలో ఉంటాను. వంటకి రాను."

ఆవిడ తెల్లబోయారు. "ఆగిపోయిందని అంతమందిలో చెప్పావు కదే! మళ్ళీ కిందికి ఎందుకు?"

పూసల తాళం జేబులో వేసుకున్నాను.

"ఊరికే" అన్నాను.